దోర తల

దయామణి ఆంటీ జుట్టు ముప్పై ఆరో ఏటే పండిపోయింది. రెడ్డిగూడెంలో మామిడి షెడ్డు దగ్గర కాయలు ఏరే ఆడవాళ్ల వరసలో ఆమె తల దూరం నుంచే తెల్లగా కనిపించేది. కాయను చేత్తో పట్టుకుని ఎన్నాళ్లకు పండుతుందో చెప్పడంలో ఆమె మాటకు తిరుగులేదు. ఆ పని ఆమెకు నేర్పింది తల్లి ఆరోగ్యమ్మ మామ్మ.

యాభై ఎనిమిదేళ్లలో ఆంటీ తలకు రంగు వేసుకున్నది ఒక్కసారే. చర్చి పాతికేళ్ల పండగకు ఫొటో తీస్తారని, పార్లర్ పని నేర్చుకుంటున్న చెల్లెలి కూతురు వినీల శనివారం రాత్రి పట్టుబట్టి నల్లరంగు వేసింది. ఫొటో బాగానే వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం అన్నం పెట్టబోతే మాత్రం మామ్మ నోరు తెరవలేదు.

మామ్మకు ఎనభై దాటాయి. రెండేళ్లుగా మతిమరుపు. పేర్లన్నీ పోయాయి. ఆంటీ చేత్తో తప్ప ఎవరు పెట్టినా తినదు. ఆ కూతుర్ని కూడా తెల్లజుట్టుతోనే గుర్తుపడుతోందని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

"ఎవరమ్మా నువ్వు? మా పండుతల పిల్ల ఏది?"

"నేనేనే అమ్మా."

"నువ్వు కాయవి. అది పండు."

సోమవారం పొద్దున ఆంటీ తెల్లకొంగు నెత్తిన కప్పుకుని వెళ్లింది. మామ్మ చేతులు జోడించి, "ప్రార్థనకొచ్చారా అండీ? మా పిల్ల ఇంట్లో లేదు, రేపు రండి" అంది. రెండు గుటకల నీళ్లు తప్ప లోపలికి ఏమీ పోలేదు.

పక్కింట్లో ఉంటాను కదా, ఆంటీ నా దగ్గరికి వచ్చింది. "ఎమ్మే చదివావుగా, ఈ రంగు ఎట్టా పోద్దో చూసి చెప్పమ్మా."

ఫోన్లో వెతికాను. ఒకచోట నిమ్మరసం అన్నారు, ఇంకోచోట సోడా అన్నారు. ఏ సోడానో రాయలేదు. మరోచోట ఇవేవీ వద్దన్నారు. చదివేకొద్దీ నాకు ఏమీ తెలియకుండా పోయింది.

"బ్లీచ్ పెడితే గంటలో పోద్ది పెద్దమ్మా" అంది వినీల.

ఆంటీ తమ్ముడు డేవిడ్ రాజు గుమ్మంలో నిలబడి, "గడ్డేసి మాగబెడదామా అక్కా? మూడ్రోజుల్లో పండుద్ది" అన్నాడు.

"నీ మొహం. అమ్మ పస్తుంటే నీకు ఎకసెక్కాలు."

సాయంత్రం మామ్మను చూడటానికి నర్సు జోజమ్మ వచ్చింది. బ్లీచ్ మాట వినగానే వినీల మీద విరుచుకుపడింది.

"రంగేసి రెండ్రోజులు కాలేదు, అప్పుడే బ్లీచా? మాడు కాలుద్ది. బట్టల సోడా జోలికి కూడా పోకండి. విటమిన్ సి బిళ్లలు పొడి చేసి చుండ్రు షాంపూలో కలపండి. ముందు చెవి వెనక కాస్త రాసి చూడండి. రేపటిదాకా దురదా మంటా లేకపోతేనే తలకి పెట్టండి. కళ్లల్లో పడనీయకండి. ముందే చెప్తున్నా, ఒక్క దెబ్బకి తెల్లబడదు." తర్వాత గొంతు తగ్గించింది. "రేపు కూడా తినకపోతే ఆవిణ్ణి నూజివీడు తీసుకెళ్లి సెలైన్ పెట్టించాల్సిందే."

మంగళవారం పొద్దున చెవి వెనక దద్దురేమీ లేదు. దొడ్లో పీట వేసి, వినీల ఆ షాంపూను ఆంటీ తలకు పట్టించింది. అరగంట ఆగి నేను చెంబుతో నీళ్లు పోశాను. టీ డికాషన్ లాంటి నీళ్లు కారాయి. ఇంకోసారి కడిగి, జుట్టు పీచులా తయారైందని కొబ్బరినూనె రాశాం. ఆంటీ అద్దంలో చూసుకుంది. నలుపు పోయింది. తెలుపు రాలేదు. కుదుళ్ల దగ్గర పసుపు, చివర్లు గోధుమరంగు. ఒక్క దెబ్బకి తెల్లబడదని జోజమ్మ ముందే చెప్పింది.

అదే తలతో ఆంటీ పప్పన్నం కలుపుకుని మంచం దగ్గరికి వెళ్లింది.

మామ్మ చాలాసేపు చూసింది. చెయ్యి చాచి జుట్టు పట్టుకుంది. కాయను ముచ్చిక దగ్గర నొక్కినట్టు బొటనవేలితో నొక్కి, వాసన చూసింది.

"దోరగా ఉంది" అంది. "రెండ్రోజులాగితే పండుద్ది."

ఆ మాటంటూనే నోరు తెరిచింది. ఆంటీ గబుక్కున ముద్ద పెట్టింది. మామ్మ నమిలి మింగింది.

ఆంటీ నా వైపు తిరిగి మెల్లగా అడిగింది. "నన్ను గుర్తుపట్టిందంటావా? కాయనుకుందంటావా?"

మామ్మ మళ్లీ నోరు తెరిచింది. ఆంటీ ఇంకో ముద్ద కలిపింది.