తూము దగ్గరి కొత్తిమీర

మొన్న చలిపొద్దున సంతోష్‌నగర్‌లోని మా బాల్కనీలో తడిమట్టి వాసన తగలగానే నా చూపుడువేలు దానంతటదే ధనియాలు వేసిన కుండీ వైపు జరిగింది. యాభై ఏళ్లొచ్చినా ఈ వేలికి బుద్ధి రాలేదు.

ఛత్రినాకలోని మా మిద్దె మీద, నోట్లోంచి పొగలొస్తుంటే పిల్లలం పుల్లలు పట్టుకుని బీడీలు తాగినట్టు నటించే ఆ చలి రోజుల్లో, మా నాయనమ్మ ఖాళీ నూనె డబ్బాలో పేడ ఎరువు, ఎర్రమట్టి కలిపి కొత్తిమీర వేసేది. ధనియాలను బండ మీద పోసి తోలు చెప్పుతో రుద్ది బద్దలు చేసేది. "చెప్పుదెబ్బ పడందే ఇవి మొలుస్తయా బిడ్డా?" అనేది. పిట్టగోడ అవతల జుబేదా ఖాలా కూడా అదే రోజు వేసేది. ఎవరిది ముందు మొలిస్తే వాళ్ల కొత్తిమీరే మా పచ్చిపులుసులోకీ, ఖాలావాళ్ల ఖట్టీ దాల్‌లోకీ. ఓడినవాళ్లు గిన్నె పట్టుకుని గోడ దగ్గర నిలబడి అడగాలి. రెండేళ్లుగా నిలబడుతున్నది మా నాయనమ్మే. ఆ ఏడైనా ఆమె గెలవాలని ఆమెకంటే నాకే ఎక్కువ ఆత్రం.

అందుకే రోజూ బడికి వెళ్లేముందు మట్టి తవ్వి, ఒక్కో బద్దనూ తీసి, మొలకొచ్చిందేమోనని చూసి, మళ్లీ పాతిపెట్టేదాన్ని. తర్వాత తూము దగ్గర చేతులు కడుక్కునేదాన్ని. పదో రోజుకు ఖాలా డబ్బాలో మట్టి నెర్రెలిచ్చి, మెడలు వంచుకున్న మొలకలు కనబడ్డాయి. మాది గుండు చేయించుకున్న తలలా నున్నగా ఉంది.

నాయనమ్మ డబ్బాకు ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. "ఎవరన్న కెలికిన్రా ఏంది?" అంది.

"నేను గాదు!" అన్నాను, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

ఆమె నా గోళ్ల సందుల్లో మట్టి చూసింది. తర్వాత తూము దగ్గర నాచు సందులో సన్నటి పోచల్లాంటి జంట ఆకులు చూసింది. ఎవరైనా గడ్డి అనుకుంటారు, ఆమె అనుకోలేదు. నలిపి వాసన చూసి, నా మీదికి చెప్పు ఎత్తింది.

"అరే ఠైరో అక్కా, ఆగు!" అని గోడ మీంచి ఖాలా అరిచింది. "నాయి ఇయ్యాల్నే తలెత్తినయ్. గవి రెండాకులేసినయ్. నువ్వే గెల్చినవ్!"

చెప్పు గాలిలోనే ఆగింది. "మా బిడ్డే ఏసింది," అంది నాయనమ్మ, చెప్పును మెల్లగా కాలికి తొడుక్కుంటూ. ఆ చలికాలమంతా రెండిళ్లవాళ్లమూ తూము కొత్తిమీరే తిన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇప్పుడా మిద్దెలు లేవు, గోడ లేదు, వాళ్లిద్దరూ లేరు. నిన్న నా కుండీలోంచి ఒక బద్ద తీసి చూశాను. తెల్లటి వేరు మొన! "ఖాలా, మాదే ముందు!" అని కేకేయబోయి పక్కకు తిరిగాను. పక్కింటివాళ్ల ఏసీ డబ్బా ఉంది. బద్దను మళ్లీ పాతిపెట్టి, చాలాసేపు వీపు వంచుకుని అక్కడే కూర్చున్నాను. చెప్పు ఎత్తేవాళ్లెవరూ రాలేదు.