యగోదా తువ్వాలు

యగోదా డ్రమ్ముల మీద వంటింటి తువ్వాలు పరిచి వాయిస్తుంది. అమ్మమ్మల కాలపు రికార్డుల్లోని మెత్తటి దెబ్బ అలాగే పలుకుతుందని ఆమె పట్టుదల. ఎవరేమన్నా డ్రమ్ము పుల్లలు తొడమీద ఆడిస్తుంది. మొదటి ఆల్బం కోసం బ్యాండు నలుగురూ సెర్బియాలోని నిష్ ఊళ్ళో ఒకే గదిలో చేరి, పాత టేపు మీద పాటలు రికార్డు చేస్తున్నారు. పాడే రెల్యాకు పొద్దుటి నుంచీ ఏదీ నచ్చలేదు. చివరి పాట మధ్యలో తువ్వాలు జారింది. యగోదా ఎడమ మోచేత్తో దాన్ని అదిమిపట్టి, కుడిచేత్తోనే పాటను గట్టెక్కించింది. టేపు వెనక్కి తిప్పి విన్నారు. కాఫీ ఎవరూ ముట్టలేదు.

"నీ ఎడమ చెయ్యి గాడిదలు కాస్తోందటే?" అన్నాడు రెల్యా.

"తువ్వాలు కాస్తోంది."

అతను మళ్ళీ విన్నాడు.

"మిగతా పాటలన్నీ చెరిపెయ్యండి. రేపు నువ్వు అన్నింటికీ ఇలాగే ఒంటిచేత్తో కొట్టు."

యగోదా మోచెయ్యి ఇంకా తువ్వాలు మీదే ఉంది.