గుమ్మం మీది ఏడో గీత

ఆ నది సముద్రంలో పుట్టి కొండెక్కుతుంది. ఉప్పునీరుగా బయలుదేరి, ఊరూరా ఉప్పు రాల్చుకుంటూ, శిఖరం మీద మంచై నిలిచిపోతుంది. రేవులోని రాతికంబం మీద దాని మట్టం చదవడం ఇరవై ఆరేళ్లుగా కొలతలమ్మ ఉద్యోగం. రోజూ నీళ్లలో దిగి, పాచి గోకి, అంకె చూసి పుస్తకంలో ఎక్కించేది. గట్టు మీద నిలబడి అంచనాగా ఒక్కనాడూ రాయలేదు.

నది పాత పాయ ఎండిపోయి అరవై ఏళ్లయింది. అక్కడిప్పుడొక వీధి, దాని కొసన, మిట్టను ఆనుకుని, ఆమె చెల్లెలి ఇల్లు. పాత పాయ ఇక పారదని కొలతలమ్మ సంతకం చేస్తే వీధి మొత్తానికి పట్టాలొస్తాయి. సర్వేయరు ఆ కాగితంతో చెల్లెలి వంటింట్లోనే కూర్చున్నాడు.

"ఒక్క సంతకం, అక్కా! నీ చెయ్యేమైనా అరిగిపోతుందా?" అంది చెల్లెలు.

కలం అందుకున్న కొలతలమ్మ చూపు పొయ్యి పక్కన, గోడ అడుగున ఉన్న తెల్లటి చార మీద పడింది.

"సున్నం రాలుతోంది, పెద్దమ్మా," అంది చెల్లెలి కూతురు.

ఆమె వేలితో తీసి నాలుకకు రాసుకుంది. ఉప్పు! రేవులో మట్టం మూడు రోజులుగా ఎందుకు తగ్గుతోందో అప్పుడర్థమైంది.

"నది ఇటు వస్తోంది. వీధి ఖాళీ చెయ్యాలి."

"గోడలు నాకి జోస్యం చెబుతారా?" సర్వేయరు నవ్వాడు.

"సొంత చెల్లెలి కొంప ముంచడానికేనా నువ్వు అక్కవైంది?" చెల్లెలు భోరుమంది.

ఆ మాట గుండెల్లో గుచ్చుకున్నా ఆమె కలం మూసేసింది. తెలిసి పెట్టే తప్పుడు సంతకం అబద్ధసాక్ష్యం. దాని మీద నిలిచే హక్కు ఏ గోడనూ కాపాడదు. ఇంటింటి తలుపూ తట్టి, గొణిగేవాళ్లను గొణగనిచ్చి, మధ్యాహ్నానికల్లా అందరినీ మిట్టెక్కించింది. చెల్లెలూ వచ్చింది, మొహం తిప్పుకుని.

అప్పుడొచ్చింది నది. హోరు లేదు, తొందర లేదు. వీధి మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతూ, ఏళ్ల తరవాత పుట్టింటికొచ్చిన ఆడపడుచులా ప్రతి గుమ్మాన్నీ తడిమి లోపలికి వెళ్లింది. పల్లం నుంచి మిట్ట దాకా ఎండలో పచ్చటి నీరు, పైపైకి. సర్వేయరు టోపీ తీసేశాడు. ఇన్నేళ్లూ అంకెలుగానే తెలిసిన నది ముందు కొలతలమ్మ చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

చెల్లెలు మెల్లగా ఆమె పక్కకొచ్చి నిలబడింది. "రాసుకోవా, అక్కా?"

"ఇక్కడ కంబం లేదే."

"మా గుమ్మం ఉందిగా. ఏటేటా పిల్ల ఎత్తు గీస్తాం. ఏడో గీత దగ్గర ఆగినట్టుంది."

"ఆగినట్టుందంటే రాయను. దిగి చూడాలి."

"చూద్దువుగాని, పద," అంటూ చెల్లెలు ఆమె మోచెయ్యి పట్టుకుని ముందుగా తనే నీళ్లలో అడుగుపెట్టింది.