తప్పుల్లేని సమ్మె వార్త

1998 జూలై 14, మంగళవారం, సాయంత్రం అయిదుంబావు. విశాఖపట్నంలో ఒక ఇంగ్లీషు దినపత్రిక ఆఫీసు. నా బల్ల మీదికి ఒక కాగితం వచ్చింది. దాని మీద నా ఘనకార్యం పూర్తయ్యేసరికి ఒక సమ్మె విరిగింది, ఒక మనిషికి సొంత పేటలో పలకరించేవాళ్లు కరువయ్యారు. నవ్వుకోండి, పర్వాలేదు. చాలాకాలం నేనూ దీన్ని నవ్వించే కథగానే చెప్పుకొచ్చాను.

విలేకరులు రాసిన ఇంగ్లీషు దిద్దడం నా ఉద్యోగం. చేపల గంప దగ్గర పిల్లి కూర్చున్నట్టు కూర్చునేదాన్ని. ఫిషింగ్ హార్బరు వార్తలు తెచ్చే నూకరాజు రాతలంటే మరీ ఆకలి. జాలరిపేట మనిషి, పెళ్లాంపిల్లలున్నవాడు. ఒకసారి, చనిపోయిన మృతుడు అక్కడికక్కడే మరణించాడు అని అర్థమొచ్చే వాక్యం రాసుకొచ్చాడు.

"ఒకే మనిషిని మూడుసార్లు చంపావేమయ్యా?"

"ఒక్కసారే సచ్చాడు మేడమ్. ఇంగ్లీసులో అలాగొచ్చీసింది."

అలాంటివన్నీ ఎర్రసిరాతో చుట్టి నోటీసుబోర్డుకు అంటించేదాన్ని. ఆఫీసంతా టీ తాగుతూ నవ్వేది. అతనూ నవ్వేవాడు. అది ఎలాంటి నవ్వో చూసే తీరిక నాకెక్కడిది? వాక్యాలు చూసుకోవాలి కదా!

పడవలు కట్టే జెట్టీ విరిగిపోతే, దాన్ని బాగుచేసేదాకా వేటకు వెళ్లేది లేదని అప్పుడు పడవలవాళ్లు సమ్మెలో ఉన్నారు. ఆ మధ్యాహ్నమే అధికారులతో చర్చలు. నూకరాజు రాసుకొచ్చిన వార్త మొదటి వాక్యంలోనే మూడు తప్పులు. రెండో వాక్యం దాకా నేను వెళ్లలేదు.

"ఇది ఇంగ్లీషా, వలలో పడ్డ చెత్తా?"

"ఇసయమైతే కరెక్టే మేడమ్. మా బావలందరూ ఆడే ఉన్నారు."

"విషయం ఎవరడిగారు? ఇదిగో, పోయినేడాది జరిగిన ఇలాంటి సమ్మె మీద నేను తిరగరాసిన వార్త. మంచి ఇంగ్లీషంటే ఇదీ. చూసి నేర్చుకుని మళ్లీ రాసుకురా."

మెచ్చుకోవలసిన చోటు తెలియడానికి చివరి రెండు వాక్యాల కింద గీత కూడా గీసిచ్చాను.

అరగంటలో తెచ్చాడు. ఒక్క తప్పు లేదు! తేదీ, అధికారుల పేర్లు కొత్తవి. చివరి రెండు వాక్యాలు మాత్రం చూడగానే గుర్తుపట్టాను, నావే. కన్నపిల్లలు బజార్లో ఎదురుపడితే ముచ్చటేయదా? అంతటి వాక్యాలు అడుగున పడి ఉండడం అన్యాయమనిపించి, ఎత్తి వార్త నెత్తిన పెట్టాను. శీర్షిక కూడా వాటిలోంచే తీశాను. "భేష్, నూకరాజూ!" అన్నాను. అతను తలొంచుకున్నాడు. వినయమనుకున్నాను.

నా అలంకారాలన్నీ ఒలిచేస్తే ఆ రెండు వాక్యాలూ చెప్పేది ఏమిటంటే, చర్చలు ఫలించాయి, సమ్మె విరమించారు అని. అది పోయినేడాది మాట. ఈ ఏడాది చర్చలు విఫలమయ్యాయి.

తెల్లారి పేపరు చూసిన పడవల యజమానులు పూర్ణా మార్కెట్ వ్యాపారులకు కబురుపెట్టి, ఐసు ఎక్కించి, సగం పడవల్ని వేటకు తోలేశారు. పదిగంటలకు పేట పెద్ద ఎర్రయ్య, వెనక పాతికమంది, మధ్యలో నూకరాజు, నా బల్ల చుట్టూ నిలబడ్డారు.

"ఎవులమ్మా మా సమ్మె ఆపీసినోలు? ఈడు మావోడే. అధికార్ల కాడ ఏటి తిన్నావురా అంటే నోరిప్పడు."

"నువ్వే కదా రాసింది, నూకరాజూ?" అన్నాను.

"కడాకరి రెండు ముక్కలూ నాకు అర్థం కానేదు మేడమ్. మీరు గీత గీసినారు గదా. ముట్టుకుంటే మళ్లీ బోర్డు మీద ఎడతారని అలాగే దింపీసినాను. జరిగిందంతా ముందరి కాయితంలో రాసినాను. అది మీకాడే ఉంది, సదివే ఉంటారనుకున్నాను."

అది నా చెత్తబుట్టలో ఉంది. చర్చలు విఫలమయ్యాయన్నదే అందులో రెండో వాక్యం: "టాక్స్ ఈజ్ ఫెయిల్డ్."

ఆ కాగితం తీసి ఎర్రయ్యకు చూపించి ఉంటే సరిపోయేది. "రేపు సవరణ వేస్తాం" అన్నాను. వేశాను కూడా: మా విలేకరి పొరపాటుకు చింతిస్తున్నాం. భాష అమోఘం.

కాబట్టి పాఠకులారా, సూర్యచంద్రుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఎవరు కాగితం ఇచ్చినా రెండో వాక్యం దాకా చదువుతాను. రిటైరైనదానికి ఎవరూ కాగితాలివ్వరు గనక మాట తప్పే ప్రమాదం లేదు.

పోయినవి: సమ్మె, రెండు రోజుల్లో. జెట్టీ, ఆ వానాకాలంలోనే. నూకరాజుకు, పేట. ఊరి చివర దువ్వాడలో ఫోన్ బూత్ పెట్టుకున్నాడని విన్నాను. నాకు పోయింది ఏమీ లేదు. ఆ ఏడాది జీతం పెరిగింది.