మహారచయితల తొలి కొలువులు, నా తొలి కొలువు

ప్రింటరులోంచి అప్పుడే వచ్చిన కాగితం వెచ్చగా చేతికి తగిలితే చాలు, మంథని బస్టాండు దగ్గరి డీటీపీ సెంటరూ, దాని యజమాని రాజలింగం సారూ గుర్తొస్తారు. ఎం.ఏ. తెలుగు చదివి, కథలు రాసి పేరు తెచ్చుకుందామనుకున్న నేను అక్కడ దరఖాస్తులు టైపు చేసేదాన్ని. ఆ పని నాకు మహా నామోషీగా ఉండేది.

సార్‌కి అది తెలుసు. అందుకే పేరున్న రచయితలకల్లా ఆయన తొలి కొలువులు కల్పించి పెట్టేవారు. లావుపాటి నవల ఒకటి చూపించి, "గీయన మొదలు పట్వారీ పని చేసిండు. నాలుగు దిక్కుల హద్దులు చెప్పంది కథల మనిషిని ఇంట్ల అడుగు పెట్టనియ్యడు" అనేవారు. సస్పెన్సు నవలలు రాసే ఆయనేమో ఒకప్పుడు దర్జీ అట. "రేపు రా, రేపు రా అని తిప్పుడు ఆడనే నేర్చిండు." ఇవన్నీ ఎక్కడ చదివారని అడిగితే, "చదువుడెందుకు, కుట్టు చూస్తే తెలుస్తలేదా?" అని నిమ్మళంగా చాయ్ తాగేవారు. అబద్ధమాడినా అతికినట్టుండాలన్న సామెత ఆయన్ని చూసే పుట్టి ఉంటుంది.

ఒకరోజు ఆయన పెద్దపల్లి వెళ్ళినప్పుడు, బీడీలు చుట్టే లచ్చవ్వ వితంతు పింఛను దరఖాస్తు కోసం వచ్చింది. "నా భర్త చనిపోయాడు" అని రాయడం నాకు మరీ చప్పగా తోచింది. "నా భర్త నన్ను ఒంటరిని చేసి విడిచి వెళ్ళిపోయాడు" అని రాసి, నా వాక్యానికి నేనే మురిసిపోయాను. వారం తిరక్కుండా ఆమె ఆ కాగితంతోనే తిరిగొచ్చింది. మొగుడు వదిలేసి పోతే వితంతు పింఛను ఎట్లా ఇస్తారని ఆఫీసులో అడిగారట.

సార్ కాగితం చదివారు. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు.

"రాసింది ఆమెకు చదివి వినిపించినవా?"

లేదన్నాను.

"గిప్పుడు వినిపియ్యి."

తలెత్తకుండా చదివాను. పింఛను ఆగిందని లచ్చవ్వ తిడితే పడదామనే అనుకున్నాను. ఆమె నా చేయి పట్టుకుంది.

"పింఛన్ రాకుంటే రాకపాయె బిడ్డా. ఆయన నన్నిడిచి పోయెటోడు కాదు. గట్ల రాయకు."

ఆ రోజు పడ్డ సిగ్గు ఇంకా తగ్గలేదు. మళ్ళీ టైపు చేశాను, ఈసారి చదివి వినిపించి మరీ పంపాను. పింఛను వచ్చింది.

ఇప్పుడు నా కథల పుస్తకాలు రెండు వచ్చాయి. ఎవరి గురించి రాసినా ముందు వాళ్ళకే చదివి వినిపిస్తాను. ఇది మాత్రం వినిపించలేను. రాజలింగం సార్ చనిపోయారు.