పెరటి తలుపు పక్క మగ్గం

ప్రోటీన్ అన్న మాట వినగానే పప్పు మానేసిన తెలివి నాది. నా పేగులో వాపు ఉందనీ, ఒక ప్రోటీన్ ఎక్కువై అలా జరుగుతోందనీ ఆదోని డాక్టరు చెప్పాడు. మిగతాది వినకుండానే ఎమ్మిగనూరు బస్సెక్కి, పదిహేను రోజులు మజ్జిగన్నంతో గడిపాను. విరేచనాల్లో నెత్తురు పడటం ఆగలేదు, నేను మాత్రం సగమయ్యాను.

రెండోసారి వెళ్తే డాక్టరు నవ్వి, నేతవాడికి అర్థమయ్యేలా చెప్పాడు. అది తినే ప్రోటీన్ కాదు, ఒళ్లు తనకు తాను నేసుకునేది. మగ్గం మీద తిరిగే జకార్డు అట్టల్లో చిల్లులను బట్టి చీరలో పువ్వు పడినట్టు, జన్యువులను బట్టి ప్రోటీన్లు తయారవుతాయట. పేగులోకి క్రిమి వస్తే కొన్ని ప్రోటీన్లు కేకేసి రక్షణ కణాలను పిలుస్తాయి, పనయ్యాక ఊరుకోవాలి. నా పేగులో ఊరుకోవడం లేదు. మొదలుపెడితే ఆపలేని గుణం నాకు నోట్లోనే ఉందనుకున్నాను ఇన్నాళ్లూ. అట్ట ఒక్కటే కారణం కాదనీ, అదే అట్ట ఉన్నా అందరికీ జబ్బు రాదనీ కూడా అన్నాడు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే, లేదని ఠక్కున చెప్పేశాను.

తిరుగు బస్సులో గుర్తొచ్చింది. మా ఇంట్లో రెండు మగ్గాలు. వెలుతురుండే వీధివైపు మగ్గం ఇంటి పెద్ద కూర్చునేది. నాయన దాన్ని నాకిచ్చి, పెరటి తలుపు పక్క చీకటి మగ్గం తాను పట్టుకున్నాడు. నా మీద ప్రేమనుకుని మురిసిపోయాను. అడిగితే ఈడ గాలి బాగుంటాది అనేవాడు. ఆ తలుపవతల ఉన్నది మరుగుదొడ్డి. గాలి కోసం అక్కడ ఎవరూ కూర్చోరని తట్టడానికి నాకే జబ్బు రావాల్సొచ్చింది. తన పంచెలు తనే ఉతుక్కునేవాడు. ఈమధ్య చిక్కిపోతుంటే వయసనుకున్నాం. పైగా నేను కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలోంచి లేచిన ప్రతిసారీ, "మళ్లా యాడికి పోతాండావురా? కూసున్న సోట నిలవవు" అని దెప్పేవాడు.

ఇంటికెళ్లి ఆయన మగ్గం గుంత అంచున కూర్చున్నాను.

"నాయనా, నీకూ నెత్తురు పడతాందా?"

అటూ ఇటూ పోతున్న నాడె ఆగింది. "శానా ఏండ్లాయె. సెప్పేదానికి సిగ్గాయె," అన్నాడు. ఆ వెనకే, చిన్న గొంతుతో, "నీకు నా వల్లే వచ్చెనా అప్పా?"

"నేత గూడా నీ నుంచే వచ్చె. అది వద్దంటినా?"

ఆయన మొహం తిప్పుకుని, తెగని దారాన్ని ముడేయడం మొదలుపెట్టాడు.

మర్నాడు ఇద్దరం ఆదోని వెళ్లాం. పరీక్షలో అదే జబ్బు తేలింది. మాత్రలు ఆయనకు బాగా పట్టాయి; కొన్ని నెలలకు పెరట్లోకి పరుగులు ఆగాయి, బుగ్గలు నిండాయి. నాకింకా పూర్తిగా తగ్గలేదు.

రెండు మగ్గాల మీదా పడుగు దారం అయిపోయి, కొత్త చీరలు మొదలుపెట్టాల్సిన రోజు చూసుకుని, ఆయనకన్నా ముందే వెళ్లి చీకటి మగ్గం గుంతలో దిగాను. ఆయన వచ్చి, ఇదేందిరా అన్నట్టు నిలబడ్డాడు.

"ఈడ గాలి బాగుంటాది నాయనా. నువ్వు ముందుకు పో," అన్నాను.

ఆయన వీధివైపు వెలుతురులోకి నడిచాడు.