బాపు తుపాకీకి ఏ నూనె?

మొన్న జగిత్యాలలో టవర్ దగ్గరి ఇనుప సామాన్ల దుకాణానికి వెళ్లి, నూనె సీసా ఒకటి ఇమ్మన్నాను. మా చర్చి సంఘంలో ఆడవాళ్లకు కుట్టు నేర్పే గది ఉంది. వానాకాలమంతా మూసి ఉంచిన మిషన్లు ఇప్పుడు తొక్కితే మోకాళ్ల నొప్పులున్నట్టు మూలుగుతున్నాయి. దుకాణదారు ఫోనులోంచి తల ఎత్తకుండానే "దేనికక్కా?" అన్నాడు. నేను జవాబు చెప్పడానికి కొంచెం ఆలస్యమైంది. ఆయన తల ఎత్తి, "ఫ్యానుకా, షట్టర్‌కా, కుట్టుమిషన్‌కా? ఒక్కోదానికి ఒక్కోటుంటది" అని మళ్లీ విడమరిచాడు. ఆ సంగతి నాకు తెలియక కాదు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని మా బాపు, అంటే నాన్న, ఒక చలికాలమంతా తిరిగాడు. ఆ చలికాలం మొత్తం దుకాణం ముందు నిలబడే గుర్తొచ్చింది.

మాది నేత కుటుంబం. తాత మగ్గం నేశాడు. పెద్దబాపు సిరిసిల్లలో సాంచలు పెట్టుకున్నాడు. మరమగ్గాలను అక్కడ సాంచలే అంటారు. మా బాపు ఒక్కడే దారం వదిలి ఫౌజుకు పోయాడు. తిరిగొచ్చాక కోరుట్లలో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర గార్డుగా కుదిరాడు. తుపాకీ మాత్రం ఆయన సొంతం, లైసెన్సు మీద కొన్నది. రెండు గొట్టాలది, మధ్యలో విరిచినట్టు వంచి వెనక నుంచి తూటాలు పెట్టేది. చూడటానికి గంభీరంగా ఉండేది కానీ దాని పని ఎక్కువగా నిలబడటమే. పింఛను కోసం వచ్చిన ముసలివాళ్లు బాపుతో మాట్లాడుతూ దాని పక్కనే తమ చేతికర్రలు ఆనించేవారు. తూటాలు వేరే ఇనుప డబ్బాలో తాళం వేసి ఉండేవి. ఆ తాళంచెవి బాపు మొలతాడుకే ఉండేది. మా అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్లం. ఆ విషయంలో ఆయన అవ్వను కూడా నమ్మేవాడు కాదు.

శనివారం మధ్యాహ్నం తుపాకీ తుడిచే పూట. ఆదివారం దేవునిది కాబట్టి ఇనుము పనులన్నీ శనివారమే ముగియాలి. గోనెసంచి పరిచి, తుపాకీని వంచి, గొట్టాలు ఖాళీగా ఉన్నాయో లేదో ఒకసారి కంటితో, ఒకసారి వేలితో చూసేవాడు. "చూసిన్నని అనుకొనుడు వేరు, చూసుడు వేరు బిడ్డా" అనేవాడు. తుడవడానికి గుడ్డపీలికలు పెద్దబాపు దగ్గరి నుంచి వచ్చేవి. అవి నూలువే కావాలి. పాలిస్టర్ పీలిక నూనెను పీల్చదు, అటూ ఇటూ జరుపుతుంది అంతే. గొట్టాలకు రాసే నూనె మాత్రం ఆయన ఫౌజు నుంచి తెచ్చుకున్న చిన్న డబ్బాలోది. ఎంత పొదుపుగా వాడినా ఒకనాటికి అది అయిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్లు పొడిగుడ్డతోనే తుడుస్తూ, రేపు కొందాం మాపు కొందాం అనుకుంటూ ఉండగా, ఆ ఖాళీలోకి మా అవ్వ ప్రవేశించింది.

అవ్వ ప్రార్థన నూనె సంగతి చెప్పాలి. మా సంఘంలో విశ్వాసులు నూనె సీసాలు తెచ్చి వేదిక ముందు పెడితే పాస్టరయ్య ప్రార్థించి ఇచ్చేవాడు. ఒలీవ నూనె కొనే స్తోమత లేనివాళ్లు ఇంట్లో వంటకు వాడే మంచినూనెనే తెచ్చేవారు. అవ్వ సీసా అలాంటిదే. తలనొప్పికి నుదుట, జ్వరానికి పాదాలకు, పరీక్షలప్పుడు నా చేతివేళ్లకు, ఈనని బర్రెకు వీపున రాసేది. ఆ నూనె అంటని వస్తువు మా ఇంట్లో లేదు. ఆ ఏడు ఎక్కడో ఒక బ్యాంకులో దొంగలు పడి గార్డును పొడిచారని టీవీలో చూసినప్పటి నుంచి ఆమెకు నిద్ర పట్టలేదు. బాపు స్నానానికి పోయిన ప్రతి ఉదయం, గోడకు ఆనించి ఉన్న ఖాళీ తుపాకీ దగ్గర కూచుని, కళ్లు మూసుకుని, వేలితో నూనె తీసి అది వంగే కీలుకూ, తూటా వెనక పొడిచే సన్నటి ముళ్లుండే రంధ్రాలకూ బాగా పట్టించేది. పని జరిగే చోటే కాపుదల ఉండాలని ఆమె లెక్క. బాపు అది మెరుస్తుంటే చూసి, తన పొడిగుడ్డ పనితనమే అనుకుని సంతోషించాడు. వంచుతుంటే బిగుసుగా అనిపిస్తే చలికే అనుకున్నాడు.

సంక్రాంతి దాటాక గార్డుల తుపాకీలు చూడటానికి, వాళ్లను పనిలో పెట్టే ఏజెన్సీ తరఫున ఒక ఆఫీసరు వచ్చాడు. ఆయనా ఫౌజు మనిషే. బాపు సెల్యూట్ చేసి తుపాకీ అందించాడు. అది వంగలేదు. మోకాలు అడ్డం పెట్టి వంచితే బంక సాగిన చప్పుడుతో తెరుచుకుంది. ఉత్త తూటాలు పెట్టి నొక్కితే ఎడమ గొట్టం టక్కుమంది. కుడిది కాసేపు ఆలోచించి, ఆవులించినట్టు మెల్లగా కదిలింది. ఆఫీసరు వేలు వాసన చూసుకుని, "ఇది తుపాకీయా, మిర్చిబజ్జీలు కాల్చిన మూకుడా?" అన్నాడు. బ్యాంకు వాళ్లంతా నవ్వారు. వచ్చే నెల అందరికీ కాల్పుల పరీక్ష ఉంటుందని, అప్పటికీ ఇలాగే ఉంటే ఆ గుమ్మం దగ్గర వేరే గార్డు ఉంటాడని చెప్పి వెళ్లిపోయాడు.

బాపు ఏదీ దాచే మనిషి కాదు. ఇంటికి వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పి, గోనెసంచి పరిచి, తుపాకీ ముక్కలు విడదీసి, కీలును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"గిది మంచినూనె గదనే?"

"ప్రార్థన నూనె" అంది అవ్వ, వంటింట్లోంచే.

"రోజు పూస్తున్నవా?"

"మరి నువ్వు పూస్తలేవు గద! నీ పానం మీద నాకు బెంగ ఉండదా?"

బాపుకు కోపం రాలేదు. ప్రార్థనతో వచ్చిన చిక్కును బైబిలు వాక్యంతోనే విప్పాలనుకున్నాడు. "ప్రతిష్ఠ చేసిన తైలం వేరే పనులకు వాడొద్దని రాసి ఉన్నది. సదివినవా లేదా?" అన్నాడు. అవ్వ తగ్గలేదు. చేతిలో గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది. "డాళ్లకు చమురు రాయుమని గూడ రాసి ఉన్నది. నువ్వు సదివినవా?" మాది అటువంటి ఇల్లు. ఇద్దరికీ వాక్యం కంఠస్థం, ఇద్దరూ ఓడిపోయేవాళ్లు కాదు. బాపు కీలును గోనెసంచి మీద పెట్టి, "ఉన్నది. కాదంటలేను. కని ఏ చమురో రాయలేదు. గదే నేను ఎతుకుత" అన్నాడు. ఆ మాట అన్నప్పటి ఆయన ముఖం నాకింకా గుర్తుంది. పని పోతుందన్న భయం దానిలో లేదు. ఒక పనిని ఇన్నాళ్లు సరిగ్గా చేయలేదన్న నొప్పి, ఇక చేయాలన్న పట్టుదల ఉన్నాయి.

మర్నాడు కిరోసిన్‌లో పీలికలు తడిపి, పాత పళ్లబ్రష్‌తో ఆ బంకనంతా కడిగాడు. ఇనుము మళ్లీ ఇనుములా కనిపించింది. ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను వెంటబెట్టుకుని సిరిసిల్ల బస్సెక్కాడు. పెద్దబాపు షెడ్డులో సాంచల మోతకు మాటలన్నీ అరుపులే. సంగతి విన్న పెద్దబాపు, పక్క సాంచ మీది మనిషికి కూడా వినబడేలా నవ్వాడు. "ఏం రా తమ్మీ, మీ దేవుని నూనె పనిచెయ్యలేదా?"

"నూనె మంచిదే అన్నా. జాగ తప్పయింది."

"నా మాటిను. గీ చక్రాలకు పోసే నూనె పట్కపో. గింత చిక్కగుంటది. నా సాంచలు ఏనుగుల లెక్క నడుస్తయ్."

బాపు చక్రాల దగ్గర వంగి చూశాడు. చిక్కటి నూనెకు దూది నుసి అంటుకుని, అది నల్లటి ముద్దలై పళ్ల మధ్య కూరుకుపోయి ఉంది. "గివేంది మరి?" అన్నాడు. "గవి పండుగకోసారి గీకుతం" అన్నాడు పెద్దబాపు తేలిగ్గా. "మరి బట్ట పక్కపొంటి గా సన్నటి కమ్ములకు గిదే పోస్తవా?" "గిది పోస్తే బట్ట మీద మరక పడదా? గాడ పల్చటిది, తెల్లది పోస్త." బాపు రెండూ చెరో సీసాలో పట్టించుకున్నాడు. వస్తూ దారిలో కుట్టుమిషన్ నూనె సీసా ఒకటి, ఇనుప దుకాణంలో గుప్పెడు మేకులు కొన్నాడు.

ఆ మేకులతో మా పిట్టగోడ మీద పరీక్ష మొదలైంది. ఇటుక పక్కన ఇటుక పేర్చి, ఒక్కో నూనె పూసిన మేకును ఒక్కో ఇటుక మీద మంచుకు పెట్టాడు. చక్రాల నూనె, పల్చటి సాంచ నూనె, కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె, కిరోసిన్ వరసగా ఉన్నాయి. చివర ఏమీ పూయని మేకు ఒకటి పెట్టాడు. రోజూ పొద్దున ప్రార్థన ముగిశాక పోయి చూసేవాడు. దారినపోయేవాళ్లు ఆగి "ఏంది సారూ, మేకులకు ఎండ చూపిస్తున్నవా?" అని అడిగేవారు. "మంచు చూపిస్తున్న" అనేవాడు గంభీరంగా. రెండో పొద్దున వరసలో ఒక మేకు ఎక్కువైంది. ఎవరు పెట్టారో అడగనక్కర లేదు. ప్రార్థన నూనె వాసన వస్తోంది.

ఫలితాలు ఒక్కొక్కటే తేలాయి. కొబ్బరినూనె కోరుట్ల చలికి తెల్లగా మైనంలా గడ్డకట్టింది. కిరోసిన్ ఆరిపోయి, ఏమీ పూయని మేకుతో పాటే ఎర్రబడింది. కడగడానికి అది మంచిదే కానీ కాపాడటానికి పనికిరాదు, కడిగాక దాన్ని పూర్తిగా తుడిచేయాలి అన్నాడు బాపు. చక్రాల నూనె కింద తుప్పు లేదు, కానీ ఊరి దుమ్మంతా దాని మీదే ఉంది. అవ్వ మేకుకు తుప్పు పట్టలేదు, చీమలు పట్టాయి.

"సూసినవా, తుప్పు లేదు!" అంది అవ్వ.

"లేదు. ఒక్కసారి ముట్టుకో."

ముట్టుకుంటే మేకు వేలితో పాటు లేచి వచ్చింది. అవ్వ దాన్ని విదిలించుకుని లోపలికి పోయింది. మిగిలినవి సాంచ పల్చటి నూనె, కుట్టుమిషన్ నూనె. రెండూ శుభ్రంగా నిలిచాయి. కోరుట్లలో ఎప్పుడైనా దొరికేది కాబట్టి బాపు కుట్టుమిషన్ నూనెనే ఖాయం చేశాడు. గొట్టాల లోపల పీలికతో ఒక పూత, కీలుకు ఒక్క చుక్క, ముళ్లకు తడి తగిలిందా లేదా అన్నంత. కాల్చబోయే ముందు గొట్టాలు పొడిగా తుడవాలి. "సూస్తె కనవడొద్దు, ముట్టుకుంటె తెలవాలె" అని నాకు చూపించాడు. ఆదివారం బడిలో పిల్లలకు విశ్వాసం గురించి చెప్పేటప్పుడు ఈ మాటనే నేను ఎన్నోసార్లు వాడుకున్నాను. ఎవరి మాటో మాత్రం చెప్పలేదు.

కాల్పుల పరీక్ష పొద్దున బాపు బూట్లు వేసుకుంటుంటే అవ్వ వచ్చి దూరంగా నిలబడింది. చేతిలో సీసా ఉంది. తుపాకీ వైపు చూస్తోంది కానీ దగ్గరికి పోవడం లేదు. అంత బెదురుగా ఆమెను నేనెన్నడూ చూడలేదు. గెలిచిన మనిషి ఏమంటాడోనని నేనూ చూస్తున్నాను. బాపు టోపీ తీసి పక్కన పెట్టి, తల వంచాడు.

"ఇనుముకు మిషన్ నూనె చాలు. నీ నూనె నాకు వెయ్."

అవ్వ దగ్గరికి వచ్చి సీసాను ఆయన నుదుటి మీద వంచింది. ఇన్నాళ్లు తుపాకీకి పోసిందంతా ఒక్కసారే పోసినట్టుంది. నూనె నుదుటి మీంచి కనుబొమ్మల దాకా జారింది. బాపు తుడుచుకోలేదు. అలాగే టోపీ పెట్టుకుని వెళ్లాడు.

సాయంత్రం వచ్చి వరసగా చెప్పాడు. ఆఫీసరు తుపాకీ అందుకుంటే అది మాట వినే పిల్లలా వంగిందట. వేలితో రుద్ది చూసి, "ఏమీ రాయలేదా?" అన్నాడట. "రాసిన సార్, కనవడదు" అన్నాడట బాపు. రెండు గొట్టాలూ ఒకదాని వెనక ఒకటి ఉరిమాయట. ఆ తర్వాత ఆఫీసరు ఆయన ముఖం వైపు చూసి, "మరి ఈ కారేదంతా ఏంటి?" అని అడిగితే, "అది తుపాకీది కాదు సార్, నాది" అన్నాడట. గుమ్మం ఆయనకే మిగిలింది. ఆ తర్వాత పనిచేసినన్నాళ్లూ ప్రతి పొద్దునా అవ్వ ముందు తల వంచి, టోపీ పెట్టుకునే బయలుదేరేవాడు. టోపీ లోపలి అంచు నూనెకు నల్లబడింది. తుపాకీ మాత్రం ఎన్నడూ నల్లబడలేదు.

బాపు పని మానేసినప్పుడు తుపాకీని పోలీస్ స్టేషన్‌లో అప్పగించాడు. తీసుకున్న కానిస్టేబులు దాన్ని అటూ ఇటూ తిప్పి, "కొత్తదే గద, వాడలేదా?" అన్నాడు. బాపుకు అంతకంటే పెద్ద సన్మానం ఎవరూ చేయలేదు. ఇప్పుడు బాపు లేడు, అవ్వ లేదు. టోపీ నా దగ్గరుంది.

"కుట్టుమిషన్‌కే తమ్మీ" అన్నాను దుకాణదారుతో. ఇంటికొచ్చి మిషన్లు విప్పి, పాత మడ్డిని కిరోసిన్‌తో కడిగి, పొడిగా తుడిచి, ఒక్కో చుక్క వేశాను. తొక్కితే చప్పుడు లేకుండా తిరిగాయి. గడిచిన ఏళ్లు దేని మీదైనా తుప్పులాగా కంటికి కనిపిస్తూనే ఉంటాయి. ఆ తుప్పును ఇన్నాళ్లూ ఆపుతూ వచ్చిన పూత మాత్రం, బాపు అన్నట్టు, ముట్టుకుంటే తప్ప తెలియదు.